ముందు నెత్తురు, తర్వాత మందు

మనుషుల నోళ్ళలో కాపురముండే బాక్టీరియా రకాలు 700 దాకా ఉంటాయని ఒక లెక్క. నాలుక మీద కొన్ని, బుగ్గల లోపలివైపు కొన్ని, చిగురుకూ పంటికీ మధ్య గాలి సరిగా ఆడని సందులో మరికొన్ని. పుట్టిన కొద్ది గంటలకే మొదలయ్యే ఈ కాపురం మనిషి పోయేదాకా సాగుతుంది. వీటిలో ఐదు ప్రజాతులను వైద్యులు ఒకే గాటన కట్టి ‘హాసెక్’ అంటారు. హీమోఫిలస్, అగ్రిగాటిబాక్టర్, కార్డియోబాక్టీరియం, ఐకెనెల్లా, కింగెల్లా. వీటి ఇంగ్లీషు పేర్లలో మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన మాట అది.

వంశవృక్షం తీస్తే ఇవి మూడు వేరువేరు కుటుంబాలకు చెందినవి. వీటిని ఒక చోటికి చేర్చింది నడవడిక. అన్నీ నోట్లోనో గొంతులోనో ఉంటాయి. గ్రామ్ రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే గులాబీ రంగు చిన్న కడ్డీల్లా (గ్రామ్ నెగటివ్) కనబడతాయి. ల్యాబులో పెంచబోతే నిదానంగా పెరుగుతాయి. చాలావాటికి గాలిలో కార్బన్ డయాక్సైడ్ కాస్త ఎక్కువగా ఉండాలి. దారి తప్పి నెత్తుట్లోకి దిగినప్పుడు మాత్రం గుండె వాల్వుల మీద స్థిరపడే అలవాటు వీటన్నిటికీ ఉంది. గుండె లోపలి పొరకు వచ్చే ఈ జబ్బు పేరు ఇన్‌ఫెక్టివ్ ఎండోకార్డైటిస్. చికిత్స చేయకపోతే మనిషిని చంపుతుంది. హాసెక్ వల్ల వస్తే ఆ పని కూడా తీరిగ్గా చేస్తుంది.

ఆ తీరిక గురించే ఈ అధ్యాయం.

తొండుపల్లిలో ఒక జ్వరం

హైదరాబాదు దగ్గర, బెంగళూరు హైవేను ఔటర్ రింగ్ రోడ్డు దాటే చోటికి ఆనుకుని ఉంటుంది తొండుపల్లి. 2008 మార్చి 23న శంషాబాద్ నుంచి విమానాలు మొదలయ్యాక ఈ చుట్టుపక్కల బతుకుతెరువే మారిపోయింది. పొలాల పక్కన గోదాములు లేచాయి. సర్వీసు రోడ్డు పొడుగునా లారీలు ఆగుతాయి. వాటితోపాటే మెడికల్ షాపులు, చిన్న ల్యాబులు, ఆర్‌ఎంపీ వైద్యుల గదులు వచ్చాయి.

ఇక్కడ ఒక లారీ డ్రైవరును ఊహించుకుందాం. ఫలానా మనిషి అని కాదు. వైద్య గ్రంథాలు ఈ జబ్బుకు చెప్పే లక్షణాలను ఒక్క మనిషికి తొడిగి చూస్తున్నాను, అంతే. వయసు 38. ఎనిమిదేళ్ళప్పుడు గొంతునొప్పి వచ్చి పోయింది. రెండు మూడు వారాలకు మోకాలు వాచింది, అది తగ్గేసరికి చీలమండ వాచింది. కీళ్ళవాపు అని ఇంట్లోవాళ్ళు కాపడం పెట్టారు. అది రుమాటిక్ జ్వరమనీ, కీళ్ళు బాగైనా గుండెలో మిట్రల్ వాల్వు చెడిందనీ అతనికి ఇప్పటికీ తెలియదు. నిద్ర రాకుండా ఖైనీ నములుతాడు. కింది దవడలో ఒక పన్ను కదులుతోంది, బ్రష్ పెడితే నెత్తురు వస్తోంది. దాన్ని ఎవరూ జబ్బు కింద లెక్కవేయరు.

నెల రోజులుగా సన్నగా జ్వరం. “పొద్దంత మంచిగనే ఉంటది సార్. పొద్దుగూకంగనే జరం అందుకుంటది. రాత్రి బనీను తడిసేటట్టు చెమటలు,” అంటాడు ఆర్‌ఎంపీతో.

“ఏంగాదు తమ్మీ. ఇయ్యాల ఒక సూది ఏస్త, అయిదు రోజుల గోళీలు రాసిస్త. తగ్గకుంటే మల్ల రా.”

తగ్గుతుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. వారం పది రోజులు బాగుండి మళ్ళీ వస్తుంది. ఈసారి రక్త పరీక్ష చేయించమంటారు. మన ఊళ్ళలో జ్వరానికి రక్త పరీక్ష అంటే ముందుగా వైడాల్. 1896లో ఫెర్నాండ్ వైడాల్ అనే ఫ్రెంచి వైద్యుడు కనిపెట్టిన ఈ పరీక్ష టైఫాయిడ్ బాక్టీరియాను చూపించదు, దానికి ఎదురుగా శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను చూపిస్తుంది. టైఫాయిడ్ ఎప్పుడూ తిరుగాడే దేశంలో ఎప్పటి జ్వరం తాలూకు ప్రతిరక్షకాలో ఉండనే ఉంటాయి. ఎండోకార్డైటిస్ రోగికి కూడా వైడాల్ పాజిటివ్ అని రావచ్చు. చీటీ మీద టైఫాయిడ్ అని పడగానే మరో రకం యాంటీబయాటిక్, మరో పది రోజులు. జ్వరం మళ్ళీ దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. బరువు తగ్గుతాడు, ఆకలి ఉండదు, మొహం పాలిపోతుంది. అప్పుడు టీబీ అనుమానం. ఎక్స్‌రే. ఇలా రెండు మూడు నెలలు గడిచిపోవడం ఈ జబ్బులో వింతేమీ కాదు.

ఆర్‌ఎంపీని తిట్టి ప్రయోజనం లేదని నా అభిప్రాయం. రాత్రి పదింటికి తలుపు తీసేది అతనొక్కడే. పైగా పెద్ద ఆస్పత్రుల్లోనూ ఇదే వరస నడుస్తుంది. అక్కడ గోళీ బదులు సెలైన్ సీసాలో మందు ఎక్కిస్తారు, తేడా అదే. చెడు అలవాటు ఒక మనిషిది కాదు, ఒక క్రమానిది: ముందు యాంటీబయాటిక్, పనిచేయకపోతే పరీక్ష.

వాల్వు మీద ఏం జరుగుతోంది

ఆరోగ్యంగా ఉన్న వాల్వు రెక్క నున్నగా ఉంటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తం దాని మీదుగా జారిపోతుంది, ఏదీ అంటుకోదు. రుమాటిక్ జ్వరం తగిలిన వాల్వు అలా ఉండదు. రెక్కలు మందమవుతాయి, ముడుచుకుపోతాయి, పూర్తిగా మూసుకోవు. మూసుకోని సందులోంచి రక్తం వెనక్కి చిమ్ముతుంది. స్టెతస్కోపులో ‘మర్మర్’గా వినబడేది ఆ చిమ్ముడే. చిమ్మిన ధార తగిలిన చోట పొర గీరుకుపోతుంది. గీరిన చోట ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ దారాలు చేరి చిన్న గడ్డ కడతాయి. ఇంతవరకూ క్రిముల ప్రమేయం లేదు.

ఇక నోటి సంగతి. చిగుళ్ళు వాచి ఉన్నవాళ్ళు పళ్ళు తోముకున్నా, గట్టిగా ఏదైనా నమిలినా కొన్ని బాక్టీరియా రక్తంలోకి దిగుతాయి. ఇది అరుదైన విషయం కాదు, రోజూ జరిగేదే. నిమిషాల్లో కాలేయం, ప్లీహం వాటిని ఏరి పారేస్తాయి. కానీ ఆ కొద్ది నిమిషాల్లోనే అవి ఆ గడ్డ పక్కనుంచి పోవాలి. వాగులో అడ్డంపడ్డ ముళ్ళకంపకు కొట్టుకొచ్చిన చెత్తంతా పట్టుకున్నట్టు ఫైబ్రిన్ వలకు ఒకటో రెండో బాక్టీరియా చిక్కుకుంటాయి. చిక్కినవి పెరుగుతాయి. వాటి మీద మళ్ళీ ప్లేట్‌లెట్లు, మళ్ళీ ఫైబ్రిన్, పొర మీద పొర. దీన్ని వైద్యులు వెజిటేషన్ అంటారు. ముదిరిన వెజిటేషన్‌లో గ్రాముకు వంద కోట్ల బాక్టీరియా దాకా ఉండవచ్చు.

దీనికి వాల్వు నిర్మాణం కూడా కలిసివస్తుంది. గుండె కండరానికి ఉన్నట్టు వాల్వు రెక్కకు రక్తనాళాల అల్లిక లేదు. అందుకని తెల్ల రక్తకణాలు లోపలినుంచి పోరాడటానికి దారి లేదు. పైనుంచి వచ్చేవాటికి ఫైబ్రిన్ పొరలు అడ్డం. లోపలి వరసల్లోని బాక్టీరియా పెరుగుదల దాదాపు ఆపేసి మందకొడిగా పడి ఉంటాయి. పెనిసిలిన్, సెఫలోస్పోరిన్ కుటుంబాల మందులు బాక్టీరియా గోడ కట్టుకునేటప్పుడు దెబ్బతీసేవి. గోడ కట్టడం మానేసినదాని మీద వాటి ప్రభావం తక్కువ.

ఇప్పుడు డ్రైవరు మింగిన ఐదు రోజుల గోళీలు ఏం చేశాయో చూడండి. రక్తంలో తిరుగుతున్న బాక్టీరియాను చంపాయి. వెజిటేషన్ పై వరసను చంపాయి. జ్వరం దిగింది. లోపలి వరస అలాగే ఉంది. మందు ఆపిన కొద్ది రోజులకు అది లేచి మళ్ళీ రక్తంలోకి బాక్టీరియాను వదలడం మొదలుపెట్టింది. ఆ నడుమ రోజుల్లో ఎవరైనా బ్లడ్ కల్చర్ (రక్తంలోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) చేయిస్తే రిపోర్టులో వచ్చేది ‘నో గ్రోత్’. రోగి దగ్గర జబ్బు ఉంది, సాక్ష్యం లేదు. మన దేశంలో ఎండోకార్డైటిస్ రోగుల్లో కల్చర్ ఖాళీగా వచ్చేవాళ్ళు పాశ్చాత్య దేశాలకంటే ఎక్కువగా ఉండటానికి ప్రధాన కారణం ఇదే.

సీసా అడుగున రంగు

బ్లడ్ కల్చర్ చేసే పద్ధతి చెబితే పేరు వినగానే కలిగినంత భయం ఉండదు. మోచేతి మడతలో చర్మాన్ని క్లోర్‌హెక్సిడీన్‌తోనో అయోడిన్‌తోనో తుడిచి, ఆరేదాకా ఆగాలి. ఆరకముందే సూది గుచ్చితే చర్మం మీది బాక్టీరియా సీసాలోకి వెళ్ళి లేనిపోని గందరగోళం చేస్తాయి. సీసా రబ్బరు మూతను స్పిరిట్‌తో తుడవాలి. ఒక్కో సీసాలోకి 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం. రెండు సీసాలు కలిస్తే ఒక సెట్టు. ఎండోకార్డైటిస్ అనుమానం ఉంటే మూడు సెట్లు, వేరువేరు చోట్లనుంచి, మొదటిదానికీ చివరిదానికీ కనీసం గంట ఎడంగా. అంతా కలిపి 60 మిల్లీలీటర్ల లోపు.

“గింత నెత్తురు గుంజితే పిలగాని ఒంట్ల ఏం మిగుల్తది సారూ?” అని అడిగే తల్లులు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. ఒంట్లో ఉన్నది ఐదు లీటర్లు, అందులో తీసేది వందో వంతు పైచిలుకు. అంత తీయడానికి కారణం, రక్తంలో ఈ బాక్టీరియా చాలా పలచగా ఉండటం. మిల్లీలీటరుకు ఒకటో, పదో. రెండు మిల్లీలీటర్లు తీసి పంపితే దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. చాలాచోట్ల సీసా సగం కూడా నింపకుండా పంపుతారు. కల్చర్ దండగ అని తర్వాత వాళ్ళే అంటారు.

సీసాలో పోషక ద్రవం ఉంటుంది. దాన్ని 35 నుంచి 37 డిగ్రీల వేడిలో, మెల్లగా కదిలించే యంత్రంలో పెడతారు. ఒక రకం సీసాల అడుగున బూడిద కలిసిన ఆకుపచ్చ బిళ్ళ ఉంటుంది. బాక్టీరియా పెరిగి కార్బన్ డయాక్సైడ్ వదిలితే ఆ బిళ్ళ పసుపుకు తిరుగుతుంది. యంత్రం పది నిమిషాలకోసారి దాన్ని చూస్తూనే ఉంటుంది. స్టాఫిలోకాకస్ వంటివి ఒక్క రోజులోనే రంగు మార్చేస్తాయి. హాసెక్ బాక్టీరియాకు సాధారణంగా మూడు నాలుగు రోజులు పడుతుంది.

ఒకప్పుడు ఇంతకంటే ఓపిక కావలసి వచ్చేది. హాసెక్ అనుమానం ఉంటే సీసాలను రెండు మూడు వారాలు దాచిపెట్టమని పాత పుస్తకాలు చెబుతాయి. కొంతమంది వైద్యులు ఇప్పటికీ ఆ మాటే అంటారు. కొత్త యంత్రాలు వచ్చాక ఐదు రోజుల్లో దొరకని హాసెక్ చాలా అరుదని పరిశోధనల్లో తేలింది. కాబట్టి మన దగ్గర ఇవి దొరక్కపోతే నెపం వాటి నిదానం మీదకు నెట్టేయడం కుదరదు.

సీసా రంగు మారాక ఇంకో చోట కాలు జారవచ్చు. గ్రామ్ నెగటివ్ కడ్డీ కనబడగానే ల్యాబు వాళ్ళు అలవాటుగా తీసేది మెకాంకీ అగార్ పళ్ళెం, మూత్రంలో దొరికే ఈ.కొలై వంటివాటికి వాడేది. హాసెక్ దాని మీద సాధారణంగా పెరగవు. చాక్లెట్ అగార్ కావాలి. అందులో చాక్లెట్ ఏమీ ఉండదు, రక్తం కలిపిన అగార్‌ను వేడిచేస్తే ఎర్ర రక్తకణాలు పగిలి గోధుమ రంగు తేలుతుంది. ఆ పగిలిన కణాల్లోంచి వచ్చే పదార్థాలే హీమోఫిలస్‌కు తిండి. పళ్ళేన్ని 5 నుంచి 10 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న డబ్బాలో పెట్టి, మర్నాడే పారేయకుండా రెండో రోజు, మూడో రోజు కూడా చూడాలి.

ఐదుగురూ ఒక తీరు కాదు

ఐకెనెల్లా కరోడెన్స్ పెరిగిన పళ్ళెం మూత తీస్తే బ్లీచింగ్ వాసన వస్తుంది. అనుభవమున్న టెక్నీషియను పేరు చెప్పడానికి ఆ వాసనే చాలు. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూస్తే, బాక్టీరియా గుంపులు అగార్ పైన ఎత్తుగా లేవకుండా లోపలికి దిగి చిన్న చిన్న గుంతలు చేసి కూర్చుంటాయి. అన్ని నమూనాలూ ఇలా గుంతలు చేయవు, చేసినప్పుడు మాత్రం పొరపడటానికి ఉండదు. ఎండోకార్డైటిస్ కాకుండా దీనికి ఇంకో పేరు ఉంది, కొట్లాటల బాక్టీరియా. ఎదుటివాడి మూతి మీద పిడికిలితో గుద్దినప్పుడు వాడి పన్ను గుద్దినవాడి వేలి కణుపులో దిగుతుంది. నాలుగు రోజులకు చెయ్యి చీము పడుతుంది. ఆ చీములో తరచూ దొరికేది ఐకెనెల్లా. దెబ్బలు తిన్నవాడికంటే కొట్టినవాడు ఆస్పత్రిలో ఎక్కువ రోజులుండటం దీనివల్లే. మనకు పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది: మెట్రోనిడజోల్‌కు, క్లిండమైసిన్‌కు ఐకెనెల్లా లొంగదు. పంటినొప్పికి మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే గోళీల్లో మెట్రోనిడజోల్ ఒకటి.

కింగెల్లా కింగే పిల్లల నేస్తం. నాలుగేళ్ళలోపు పిల్లల గొంతుల్లో ఉంటుంది, అంగన్‌వాడీల్లాంటి చోట ఒకరినుంచి ఒకరికి పాకుతుంది. ఎక్కువగా కీళ్ళకూ ఎముకలకూ పడుతుంది, అప్పుడప్పుడూ గుండెకు. ఆ పేరు ఎలిజబెత్ కింగ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞురాలిది. 1966లో ఆమె చనిపోయేనాటికి అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రయోగశాలలో, ఏ గాటనా కట్టడానికి లొంగని బాక్టీరియాను వర్గీకరించడమే ఆమె పని. దేశం నలుమూలలనుంచీ ల్యాబులు ‘ఇదేమిటో తెలియడం లేదు’ అని పంపినవన్నీ ఆమె బల్ల మీదికి చేరేవి. చక్కటి పట్టికలు వేసింది, ఓపికగా పరీక్షలు చేసింది. అంతకుమించి ఆడంబరం లేని పని. ఇంకో ప్రజాతికి ఏకంగా ఎలిజబెత్‌కింగియా అని ఆమె నిండు పేరే పెట్టారు.

అగ్రిగాటిబాక్టర్ ప్రజాతిలోని ఒక రకం చిగుళ్ళ డాక్టర్లకు పాత శత్రువు. 1912లోనే దొరికింది. కుర్రవయసులో ముందు పళ్ళ దగ్గరా మొదటి దవడ పళ్ళ దగ్గరా ఎముక కరిగిపోయి పళ్ళు కదిలే జబ్బుకు దీనికీ సంబంధం ఉంది. తెల్ల రక్తకణాలను చంపే విషం తయారుచేసుకుంటుంది. హీమోఫిలస్ పారాఇన్‌ఫ్లుయెంజే పెద్ద వెజిటేషన్లు కడుతుంది. కార్డియోబాక్టీరియం హోమినిస్ 1960లలో గుండె జబ్బు రోగుల రక్తంలోంచే బయటపడింది, పేరులోనే గుండె ఉంది. వేరే జబ్బేదీ దానికి పెద్దగా చేతకాదు.

అంకెలు కొన్ని

ఎండోకార్డైటిస్ మీద వివిధ దేశాల ఆస్పత్రులు కలిసి నడిపిన ఒక అధ్యయనం 2013లో అచ్చయింది. 5,591 మంది రోగుల్లో హాసెక్ వల్ల వచ్చినవాళ్ళు 77 మంది, అంటే 1.4 శాతం. ఆస్పత్రిలో చనిపోయినవాళ్ళు హాసెక్ రోగుల్లో 4 శాతం, మిగతావాళ్ళలో 18 శాతం. అంటే పేరు తెలిస్తే ఇది నయమయ్యే ఎండోకార్డైటిస్. కానీ అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. పక్షవాతం హాసెక్ రోగుల్లో 25 శాతం మందికి వచ్చింది, మిగతావాళ్ళలో 17 శాతం మందికి. వెజిటేషన్ నెలల తరబడి పెరిగి పెద్దదైతే ముక్క విరిగి రక్తంతో పాటు మెదడుకు పోతుంది. జ్వరానికి మందులు మింగుతూ తిరిగే మనిషికి ఒకరోజు ఉన్నట్టుండి మూతి వంకర పోతుంది, మాట పడిపోతుంది. స్టీరింగ్ ముందు కూర్చునే మనిషికి అలా జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

యాంటీబయాటిక్కులు రాకముందు ఎండోకార్డైటిస్ అంటే మరణశాసనమే. 1911లో న్యూయార్కులో ఉన్న సంగీతకారుడు గుస్తావ్ మాలర్‌కు జ్వరం వదలకపోతే ఇమాన్యుయేల్ లిబ్‌మన్ అనే వైద్యుణ్ణి పిలిపించారు. రక్తం తీసి పెంచితే స్ట్రెప్టోకాకస్ తేలింది. జబ్బు పేరు తెలిసింది, మందు లేదు. ఆ ఏడాది మే 18న వియన్నాలో మాలర్ పోయాడు. అప్పుడు కల్చర్ ఉండి మందు లేదు. ఇప్పుడు మందు ఉంది, ఎంత ఉందంటే కల్చర్ అవసరమే కనబడనంత.

జ్వరం కారణాన్ని పరీక్షించి చూసే విషయంలో హైదరాబాదుకు ఘనమైన చరిత్ర ఉంది. పాత బేగంపేట ఎయిర్‌పోర్టుకు దగ్గర్లోనే ఉంది, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసిన భవనం. జ్వరమంటే ఏదో చెడుగాలి అనుకునే కాలంలో, అద్దం కింద చూస్తేగానీ ఒప్పుకోనన్న పట్టుదల నుంచి వచ్చిన ఫలితమది.

కల్చర్ చేసినా దొరకనివి

మందు ముందే పడకపోయినా సీసాలో పెరగని బాక్టీరియా కొన్ని ఉన్నాయి. కాక్సియెల్లా బర్నెటీ ఒకటి. గొర్రెలు, మేకలు, పశువులు ఈనినప్పుడు మాయలో కోట్ల సంఖ్యలో ఉంటుంది, ఎండి దుమ్ములో కలిసి గాలిలో లేస్తుంది. గొర్రెలు కాసేవాళ్ళకూ కబేళాల్లో పనిచేసేవాళ్ళకూ పీల్పుతో అంటుకుంటుంది. శంషాబాద్ చుట్టూ ఇప్పటికీ మందలు తోలేవాళ్ళున్నారు కాబట్టి, ఆ ఇళ్ళలో వదలని జ్వరం వచ్చినవాళ్ళ వాల్వు చెడి ఉంటే వైద్యుడు అడగాల్సిన ప్రశ్న “మీకు మందలున్నాయా?” అని. ఒంటిపేల వల్లా పిల్లుల వల్లా వచ్చే బార్టొనెల్లా ఇంకొకటి. ఇలాంటివి జీవకణాల లోపలే పెరుగుతాయి లేదా మరీ మొండిగా పెరుగుతాయి. రక్తంలో ప్రతిరక్షకాలను కొలిచో, ఆపరేషనులో తీసిన వాల్వు ముక్కలో బాక్టీరియా డీఎన్‌ఏను వెతికో పట్టుకోవాలి. వాల్వు ముక్కను చెత్తలో పారేయకుండా ల్యాబుకు పంపడం కూడా ఒక క్రమశిక్షణే. కొంత ఫార్మలిన్‌లో వేసి, కొంత వేయకుండా పంపాలి. ఫార్మలిన్‌లో పడ్డ ముక్కలో బాక్టీరియా పెరగవు.

ఈ రెండింటి చికిత్సలోనూ డాక్సీసైక్లిన్ ఉంటుంది. కాక్సియెల్లా ఎండోకార్డైటిస్‌కైతే హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో కలిపి కనీసం 18 నెలలు వాడాలి. డాక్సీసైక్లిన్ వంశానికి మూలపురుషుడు ఆరియోమైసిన్. లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ ఒక మట్టి క్రిమినుంచి తీసిన దాన్ని 1948లో లోకానికి ప్రకటించినప్పుడు అక్కడి పరిశోధనలకు డైరెక్టరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన పోయారు. తన విభాగంలో పుట్టిన మందు ఎక్కడెక్కడికి పోతుందో చూడటానికి ఆయనకు వారాల వ్యవధి మాత్రమే మిగిలింది.

మందు దొరకని చోటు కాదు ఇది

హైదరాబాదు చుట్టూ ఉన్న కార్ఖానాల్లో తయారయ్యే మందులు ప్రపంచమంతా పోతాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గోలో మందుల కోసమే ఉష్ణోగ్రత అదుపులో ఉంచే ప్రత్యేక విభాగం ఉంది. తొండుపల్లి పక్కనుంచి పోయే కంటైనర్లలో యాంటీబయాటిక్కులు కూడా ఉంటాయి. ఈ సమృద్ధికి ఇంకో వైపు 2007లో బయటపడింది. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధిచేసే ప్లాంటునుంచి వెలువడ్డ నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించింది. శుద్ధి చేశామన్న ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు మింగిన మనిషి రక్తంలో ఉండే మోతాదుకంటే ఎక్కువది. సెఫలోస్పోరిన్ పడని హాసెక్ రోగులకు రెండో దారిగా మిగిలిన మందుల్లో సిప్రోఫ్లాక్సాసిన్ ఒకటి. హాసెక్‌లో కొన్ని పెనిసిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఇప్పటికే నేర్చుకున్నాయి. అందుకే యాంపిసిలిన్‌ను గుడ్డిగా నమ్మడానికి లేదు. మొదటి వరస మందు సెఫలోస్పోరిన్ కుటుంబానికి చెందిన సెఫ్ట్రియాక్సోన్.

మన డ్రైవరు ఉస్మానియా ఆస్పత్రికో నిమ్స్‌కో చేరాడనుకుందాం. అక్కడి డాక్టరు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి కాసేపు తీయలేదు. చిన్నప్పటి మోకాలి వాపు గురించి అడిగింది. నోరు తెరవమని చిగుళ్ళు చూసింది. చివరిసారి యాంటీబయాటిక్ ఎప్పుడు వేసుకున్నాడో అడిగి, మనిషి నిలకడగా ఉన్నాడు కాబట్టి కొత్త మందు మొదలుపెట్టకుండా రెండు రోజులు ఆగింది. ఇది చెప్పినంత తేలిక కాదు. జ్వరంతో ఉన్న మనిషికి ‘ఏ మందూ ఇయ్యట్లేదు’ అని బంధువులు గొడవ పడతారు. గుండె విఫలమవుతున్నా, బీపీ పడిపోతున్నా ఇలా ఆగకూడదు, అప్పుడు కూడా ముందు సీసాలు నింపి ఆ వెంటనే మందు వేయాలి. సీసాలు నింపడానికి పట్టేది నిమిషాలే.

ఎకో (గుండె స్కాన్) తీస్తే మిట్రల్ వాల్వు రెక్కను పట్టుకుని ఊగుతున్న వెజిటేషన్ కనబడుతుంది. ఆరు సీసాల్లో నాలుగు, నాలుగో రోజుకు రంగు మారతాయి. రెండు వేరువేరు కల్చర్లలో హాసెక్ దొరికితే, డ్యూక్ విశ్వవిద్యాలయం వైద్యులు 1994లో పెట్టిన సూత్రాల ప్రకారం అదొక ప్రధాన సాక్ష్యం. ఎకో రెండోది. ఇక అనుమానం లేదు. సెఫ్ట్రియాక్సోన్ రోజుకు 2 గ్రాములు, ఒక్కసారే, రక్తనాళంలోకి, నాలుగు వారాలు. కృత్రిమ వాల్వు ఉన్నవాళ్ళకైతే ఆరు వారాలు. రోజుకు ఒకటే ఇంజెక్షను కాబట్టి మొదటి రెండు వారాల గండం గడిచాక కొందరు ఇంటినుంచి వచ్చి వేయించుకుని పోవచ్చు. వాల్వు మరీ చెడిపోయినా, వెజిటేషన్ పెద్దదై విరిగేలా ఉన్నా ఆపరేషన్ తప్పదు.

అతనికి ఆపరేషన్ అవసరం పడలేదనుకుందాం. నాలుగు వారాలు పూర్తయ్యాక కదులుతున్న ఆ పన్ను తీయించుకోవాలి. ఒకసారి ఎండోకార్డైటిస్ వచ్చినవాడు కాబట్టి ఇకమీదట పన్ను పీకించుకున్నా, చిగుళ్ళు శుభ్రం చేయించుకున్నా ముందుగా మందు మింగాల్సిందే: అర గంట నుంచి గంట ముందు, అమాక్సిసిలిన్ 2 గ్రాములు, ఒకే మోతాదు. రుమాటిక్ జ్వరం తిరగబెట్టకుండా మూడు వారాలకోసారి వేసే పెనిసిలిన్ సూది వేరు. రెండూ పెనిసిలిన్ కుటుంబానివే కాబట్టి ఒకటి వేసుకుంటే రెండోది అక్కర్లేదనుకుంటారు చాలామంది. రెండూ కావాలి. ఏ మందు దేనికో చీటీ మీద తెలుగులో రాయించుకుని, లారీ కాగితాలతో పాటు దాచుకుంటే ఏ ఊళ్ళో పన్ను నొప్పి వచ్చినా అక్కడి పళ్ళ డాక్టరుకు చూపించవచ్చు.